పంచమి తర్వాత సప్తమి

పేరు చదవకుండా పెట్టిన అన్నం ఆ పేరుగలవాళ్లకు చేరుతుందా? ఇరవై ఏళ్లుగా నాలో ఉన్న సందేహం ఇది. తెలిసినవాళ్లను అడిగి చూశాను. ఒకాయన చేరుతుందన్నాడు. ఒకాయన చేరదన్నాడు. మా పురోహితుడు మాత్రం, "అది నీకెందుకు లక్ష్మయ్యా? నువ్వు చదివే పని చూడు," అన్నాడు. అప్పటినుంచి చదివే పనే చూస్తూ వచ్చాను.

ఆళ్లగడ్డలో నాకు స్టీలు సామాన్ల అంగడి ఉంది. అంగడికి నాలుగు వీధుల అవతల, అహోబిలం పోయే దారిలో మా అన్నసత్రం. చనిపోయినవాళ్ల పేరు అక్కడ ఒకసారి రాయించుకుంటే, ఏటా వాళ్ల తిథి రోజున మధ్యాహ్నం ఆ పేరు చదివి, ఆ తర్వాతే వడ్డన మొదలుపెడతారు. ఆ చదివేవాణ్ణి నేను. పదకొండున్నరకు అంగడిని నా భార్య ఉమామహేశ్వరమ్మకు అప్పజెప్పి, సత్రంలో కాళ్లు కడుక్కొని, విస్తళ్ల ముందు నిలబడి ఐదారు పేర్లు చదువుతాను. పదో తరగతి చదువుకు ఇంతకన్నా మంచి పని దేవుడు ఇవ్వలేడనుకుంటాను.

ముందు పెద్ద నోటుబుక్కులు ఉండేవి. తిథికి రెండు పేజీలు. వాటిని నంద్యాలలో ఖాదర్ బాషా బైండింగు చేసి ఇచ్చేవాడు. నాలుగేళ్ల కిందట ఐదో బుక్కు కూడా చిరిగిపోయి నేను మళ్లీ ఆయన దగ్గరికి వెళ్తే, డిగ్రీ రెండో ఏడు చదువుతున్న ఆయన కూతురు ముబశ్శిరా, "ఎన్నిసార్లు కుట్టిస్తావు మామా? కంప్యూటర్లో పెట్టిస్తా," అంది. రెండు వేల మూడు వందల పేర్లు ఎక్కించింది. పైథాన్ అనే భాషలో ప్రోగ్రాం రాసింది. లోపలి గదిలో ఒక పెద్ద కంప్యూటర్లో పేర్లు దాచి ఉంటాయి. దాన్ని డేటాబేస్ అన్నారు. గేటు దగ్గర ఆఫీసులో ఉన్న చిన్న కంప్యూటరు రోజూ పొద్దున దాన్ని అడిగి, ఆ రోజు పేర్లు కాగితం మీద అచ్చు వేస్తుంది. వారం ముందే ఎవరెవరికి ఫోన్ చేయాలో కూడా చెప్తుంది. ఒక్క రూపాయి తీసుకోలేదా పిల్ల.

అంతా బాగానే ఉందనుకున్నాం. పోయినేడు మాఘమాసంలో మహానందమ్మ వచ్చేదాకా.

మహానందమ్మది సంజామల. ఆమె కొడుకు మద్దిలేటి ట్రాక్టరు తిరగబడి పోయాడు. ఇరవై ఆరేళ్లు. వాడి పేరు మా సత్రంలో రాయించింది. మొదటి సంవత్సరీకం తర్వాత వచ్చిన తిథికి, ఆఫీసువాళ్లు చెప్పిన రోజుకే, పొద్దున బస్సెక్కి కోవెలకుంట్ల మీదుగా వచ్చింది. మంచినీళ్లు కూడా ముట్టలేదు. పేరు విన్నాకే తింటానని విస్తరి ముందు కూర్చుంది.

నేను కాగితం చదివాను. ఆరు పేర్లు. వాటిలో మద్దిలేటి లేడు.

ఆమె తలెత్తి చూసింది. "మా వాని పేరు రాలేదే, అప్పా?"

కాగితంలో లేని పేరు చదవకూడదని మాకో కట్టుబాటు. ఒకప్పుడు ఎవరికి తోచిన పేరు వాళ్లు చదవమని గొడవలైతే పెట్టుకున్నది. నేను కాగితం తిప్పి చూసి, "తారీఖు తప్పుగా విన్నావేమో అక్కా," అన్నాను.

"అట్లనా," అంది. విస్తరి మడిచి, చేతిసంచి తీసుకొని వెళ్లిపోయింది. అప్పటికే బకెట్లు బయల్దేరాయి. నేను గేటు దాకా వెళ్లేసరికి ఆమె ఆటో ఎక్కేసింది.

ఆమెకు నేను ఒక పూట అన్నం బాకీ. పాతికేళ్ల కిందట నాకు అంగడి లేదు. మోపెడ్ మీద గిన్నెలు కట్టుకొని పల్లెలు తిరిగేవాణ్ణి. సంజామలలో ఎండదెబ్బకు ఆమె ఇంటి అరుగు మీద కూలబడితే, ముఖం కడిగించి, అన్నం పెట్టి, సాయంత్రం దాకా పడుకోబెట్టింది. జేబులో చేయి పెట్టబోతే, "దుడ్లు ఎవురడిగినారప్పా? యెప్పుడన్నా నాకు ఆకలైన దినం నీ చేత్తో ఒక పూట పెట్టు, సరిపోతాది," అంది. ఆ తర్వాత ఆళ్లగడ్డకు ఎప్పుడు వచ్చినా ఇంటికి పిలిచేవాణ్ణి. "తినే వచ్చినా లే," అనేది. ఆకలితో వచ్చింది ఆ ఒక్క రోజే. ఆ రోజు నేను ఆమెను ఖాళీ కడుపుతో పంపాను.

మరునాడు అసలు సంగతి తెలిసింది. నేను చదివింది ముందురోజు కాగితం. ఆరు పేర్లూ ముందురోజు చదివినవే. నా నాలుక వాటిని గుర్తుపట్టింది, నేను పట్టించుకోలేదు. ఆ పొద్దున చిన్న కంప్యూటరుకు పెద్ద కంప్యూటరుతో కనెక్షన్ దొరకలేదట. ఆపి మళ్లీ వేస్తే దొరికింది. ఏడాదంతా అదే వరస. ఒకరోజు పలుకుతుంది, ఒకరోజు పలకదు.

ఈ ఏడు మాఘం ఇంకా పదిహేను రోజులుందనగా మహానందమ్మే ఫోన్ చేసింది.

"లక్ష్మయ్యప్పా, ఈ తూరి యే దినం రావల్ల? నువ్వే చెప్పు. ఆఫీసోళ్లు చెప్తే నేను రాను. పొద్దన్నుంచి పస్తుండి, తప్పు దినం వచ్చినానని అనిపించుకునేంత ఓపిక లేదు నాకు."

"నేనే చెప్తా అక్కా. రెండు దినాలు టైమియ్యి," అన్నాను.

ముబశ్శిరా ఇప్పుడు నంద్యాలలోనే విత్తనాల వ్యాపారం చేసే ఒకరి దగ్గర ప్రోగ్రాంలు రాసే ఉద్యోగం చేస్తోంది. ఆదివారం పొద్దున బస్సుకు వచ్చింది. సత్రం కమిటీ అధ్యక్షుడు జయప్రకాష్ కూడా వచ్చి కుర్చీ వేసుకున్నాడు. ప్రోగ్రాం నడిపితే తెరమీద ఎర్రక్షరాలు వచ్చాయి.

"ఏందమ్మా అది, తిడతాండాదా?" అన్నాడు జయప్రకాష్.

"తిట్టడం గాదన్నా, చెప్తాంది. కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంట. అంటే పెద్ద కంప్యూటర్దని నేను రాసిపెట్టిన అడ్రసులో ఎవరో ఉండారు. తలుపు కొడితే పొమ్మంటాండారు. ఎవరూ లేకుంటే ఇంత బేగా జవాబు రాదు. కాచుకొని కాచుకొని, ఆఖరికి టైమయిపోయిందంటాది." నా వైపు తిరిగింది. "మామా, ఆ పెద్ద కంప్యూటర్ను యాడన్నా జరిపినారా?"

నేను జయప్రకాష్ వైపు చూశాను. జయప్రకాష్ పైకప్పు వైపు చూశాడు.

"వాస్తు చూసే ఆయన ఆగ్నేయంలో ఉండకూడదన్నాడు పాపా," అన్నాను. "ఏడాదిన్నర కిందట ఉత్తరం గదికి మార్చినాం."

"కొత్త రౌటర్ కూడా పెట్టించినా," అన్నాడు జయప్రకాష్. "దాంతోపాటే సీసీ కెమెరాలు."

ఆమె లోపలికి వెళ్లి, రౌటర్‌లో ఏవో చూసి, నవ్వుకుంటూ వచ్చింది. పాత రౌటర్లో పెద్ద కంప్యూటరుకు ఒక అడ్రసు ఖాయంగా ఉండేదట. కొత్తది అట్లా కాదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ముందు లేచినవాళ్లకు ముందు అడ్రసు ఇస్తుంది. కంప్యూటరు ముందు లేస్తే పాత అడ్రసు దానికి వస్తుంది. కెమెరాల పెట్టె ముందు లేస్తే దానికి పోతుంది.

"నా ప్రోగ్రాం పొద్దన్నే పోయి కెమెరాల పెట్టెను అడుగుతాంది మామా, ఈ దినం ఎవరి పేర్లు చదవాలని. అది నాకేం తెలుసు, పో అంటాంది. దిక్కు మార్చినోళ్లు నాకొక మాట చెప్పింటే బాగుండు."

"మరి వాస్తాయన చెప్పలేదే," అన్నాడు జయప్రకాష్.

"ఆయప్పకు రౌటర్ ఏ మూల ఉండాలో తెలీదేమో అన్నా."

పెద్ద కంప్యూటరుకు ఒక అడ్రసు రాసిచ్చి, అది ఇంకెవరికీ ఇవ్వొద్దని రౌటర్‌కు చెప్పింది. కరెంటు మూడుసార్లు తీసి వేయించింది. మూడుసార్లూ కనెక్షన్ దొరికింది. తర్వాత తన పాత ప్రోగ్రాం తెరిచి, చాలాసేపు చదివి, తల కొట్టుకుంది.

"ఇది మాత్రం నా తప్పే మామా. కనెక్షన్ దొరక్కుంటే గమ్మునుండు అని రాసినా. గమ్మునున్నింది. నిన్నటి కాగితమే మళ్లీ అచ్చేసింది. చదువుకునేటప్పుడు రాసింది, అప్పుడు ఎర్రక్షరాలు చూస్తే భయమేసేది నాకు." ఆ వరస కొట్టేసి, కనెక్షన్ లేకపోతే కాగితం మీద పెద్ద అక్షరాలతో 'ఈ రోజు పేర్లు అందలేదు' అని వచ్చేట్టు మార్చింది.

ఆ రోజు పేర్లు అడిగితే ఆరు వచ్చాయి. మరుసటి రోజువి అడిగితే నాలుగు. జయప్రకాష్ లేచి నిలబడ్డాడు. "సరిపాయె. ఇంగ టిఫిన్ చేద్దాం రాండి."

"ఒక్క పేరు చూడు పాపా," అన్నాను. "మద్దిలేటి, సంజామల. ఈ ఏడు ఏ రోజో చెప్తే వాళ్లమ్మకు ఇప్పుడే ఫోన్ చేస్తా."

ఆమె అడిగింది. తెర మీద ఏమీ లేదు. కింద చిన్నగా సున్నా అని మాత్రం ఉంది.

"కనెక్షన్ మళ్లీ పోయిందా?"

"లేదు మామా. కనెక్షన్ ఉంది. అడిగింది చూసింది. ఎవరూ లేరని చెప్పింది."

"ఎర్రక్షరాలు రాలేదే?"

"దానికి ఇది తప్పు కాదు. అడిగినదానికి అది సరైన జవాబే ఇచ్చింది. ఎర్రక్షరాలొస్తే సుఖం మామా, ఏదో చెడిందని తెలుస్తాది. ఈ సున్నాతోనే కష్టం."

అప్పటిదాకా పోయినేటి తప్పు కనెక్షన్‌దని, అది సర్దితే మహానందమ్మకు మాట ఇవ్వొచ్చని ధైర్యంగా ఉన్నాను. ముబశ్శిరా మాత్రం నిదానంగా లాప్‌టాప్ దగ్గరికి జరుపుకుంది.

"ఇందులో రెండు పట్టికలుండాయి మామా. ఒకదాంట్లో పేరు, తిథి. ఇంకోదాంట్లో తారీఖు, తిథి. నా క్వెరీ, అంటే నేను రాసిన ప్రశ్న, రెండింటినీ కలిపి అడుగుతాది. కలిపి అడిగితే ఎవరిది తప్పో తెలీదు. విడదీసి అడుగుదాం."

పేర్ల పట్టికను అడిగింది. మద్దిలేటి ఉన్నాడు. మాఘ బహుళ షష్ఠి. తర్వాత తారీఖుల పట్టికను, ఈ ఏడు మాఘ బహుళ షష్ఠి ఏ రోజని అడిగింది. సున్నా. మాఘ బహుళంలో రోజులన్నీ వరసగా చూపించమంది. వేలు పెట్టి చదివాను. చవితి గురువారం. పంచమి శుక్రవారం. సప్తమి శనివారం.

"ఐదు అయినాక ఏడు," అంది ముబశ్శిరా. "ఆరు యాడికి పోయింది? ఎవరు మామా ఇది టైపు చేసింది?"

చేసింది జయప్రకాష్. గోడ మీది క్యాలెండరు చూసి చెప్పింది నేను. ఏటా ఉగాదికి ముందు ఇద్దరం కూర్చొని, తారీఖుకు ఒక తిథి చొప్పున ఎక్కిస్తాం.

"నేనేం మర్చిపోలేదు," అన్నాడు జయప్రకాష్. "నువ్వు చెప్పిందే కొట్టినా లక్ష్మయ్యన్నా."

నేను అంగడికి పోయి పంచాంగం తెచ్చాను. ఆ శుక్రవారం దగ్గర తెరిచేసరికి అర్థమై సిగ్గేసింది. ఆ రోజు సూర్యోదయానికి పంచమి ఉంది. ఉదయం ఏడూ ఐదుకు అది అయిపోయి షష్ఠి వస్తుంది. ఆ షష్ఠి శనివారం తెల్లవారుజామున ఐదూ యాభైకే అయిపోతుంది. శనివారం సూర్యుడు లేచేసరికి సప్తమి. షష్ఠి ఉంది, కానీ ఒక్క సూర్యోదయాన్నీ చూడలేదు. క్యాలెండరులో పైన పెద్దక్షరాలతో వేసేది సూర్యోదయపు తిథి. నేను దాన్నే చెప్పాను.

ముబశ్శిరాకు చెప్తే వెంటనే పట్టుకుంది. "నెలవంక మబ్బులో ఉంటే లేనట్టు గాదు గదా, అట్లాంటిదే. మరి మీరు నోటుబుక్కు ఉన్నప్పుడు ఏం చేస్తాంటిరి?"

"అప్పుడు పొద్దన్నే పంచాంగం చూసేవాణ్ణి. తద్దినానికి పొద్దుటి తిథి కాదు, మధ్యాహ్నం దాటినాక ఉండే తిథి చూడాలి. ఇట్లాంటి రోజు వస్తే షష్ఠి పేజీ కూడా తిప్పి చదివేవాణ్ణి."

"అది నాకెప్పుడు చెప్పినావు?"

"నువ్వడగలేదు. నాకూ చెప్పాలని తోచలేదు. చేతికి అలవాటైన పని పాపా, నోటికి రాదు."

"ఇప్పుడొచ్చిందిలే," అని నవ్వింది.

"అయితే సూర్యోదయం తీసేసి మధ్యాహ్నం ఒంటిగంట తిథి పెట్టు," అన్నాడు జయప్రకాష్. మంచి మాటే అనుకున్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అప్పుడు రెండు ఒంటిగంటల నడుమ ఇంకోటి జారిపోతాదన్నా. రోజుకొకసారి తొంగిచూస్తే, ఏ టైముకు చూసినా అంతే. తిథి ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోతాదో రెండూ రాద్దాం. అప్పుడు ఏదీ పోదు."

పంచాంగం నేను చదివాను, ఆమె టైపు చేసింది. అన్ని తిథులూ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. నడుమ లేచి ఆ రోజు పేర్లు చదివి వచ్చాను. ఆమె కూడా పంక్తిలోనే తినింది. తర్వాత క్వెరీ తిరగరాసింది. అప్పటిదాకా ప్రోగ్రాం 'ఈ రోజు ఎవరున్నారు' అని అడిగేది. ఇప్పుడు పేరు వైపు నుంచి అడిగించింది. 'ప్రతి పేరుకూ రోజు ఏది? రోజు దొరకని పేరుంటే అదీ చూపించు.' మధ్యాహ్నం తర్వాత ఏ తిథి ఉందో దాన్నిబట్టి రోజు కట్టమంది.

కొన్ని పేర్లకు రెండేసి రోజులు వచ్చాయి.

"పోనీలే, రెండు పూటలు తింటారు," అన్నాడు జయప్రకాష్.

నేను పురోహితుడికి ఫోన్ చేశాను. మధ్యాహ్నం తర్వాత తిథి ఏ రోజు ఎక్కువసేపు ఉంటే ఆ రోజు తీసుకోమన్నాడు. అదీ రాసింది. అప్పుడు మద్దిలేటిని అడిగింది. శుక్రవారం అని వచ్చింది. ఆ ఒక్క మాట చూసి నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

ముబశ్శిరా ఇంకా ఆగలేదు. పాత పద్ధతిలో ఈ ఏడంతా రోజే దొరకని పేర్లెన్నో లెక్కపెట్టించింది. పదమూడు తిథులు, ఎనభై మూడు పేర్లు. నాలుగేళ్ల నుంచి ఇదే నడుస్తోంది. రోజు దొరకని పేరుకు ఆఫీసు నుంచి ఫోన్ పోదు. ఫోన్ పోనివాళ్లు రారు. రానివాళ్ల పేరు తప్పిందని ఎవరికి తెలుస్తుంది?

జయప్రకాష్ ముఖం మాడింది. "ఇది బయట చెప్తే సత్రం పరువు పోతాదన్నా."

"పరువు సంగతి తర్వాత చూద్దాం. తప్పిన పేర్లన్నీ వచ్చే అమావాస్యకు చదువుతా. ఇంటింటికీ ఫోన్ నేనే చేసి చెప్తా. నేను చెప్పిన తిథులే కదా, నా నోటితోనే చెప్పనీ."

అతను జేబులోంచి ఫోన్ తీసి, "సగం మందికి నేను చేస్తాలే," అన్నాడు.

బస్టాండుకు పోతూ నా సందేహం ముబశ్శిరాను అడిగాను. పేరు తప్పితే అన్నం చేరదా అని. ఆమె చెప్పులు సర్దుకుంటూ, "దేవునికి తెలుసు మామా. తెలీంది ఆ కంప్యూటర్‌కే," అంది. సమాధానం అవునో కాదో నాకు ఇంకా తెలియదు. కానీ ఆ మాట బాగుందనిపించింది. బస్సు కదిలేలోపే మహానందమ్మకు ఫోన్ చేశాను.

"మాఘపున్నమి దాటినాక వచ్చే శుక్రవారం రా అక్కా. పంచాంగం నేనే చూసినా. ఆ పొద్దు క్యాలెండరులో పంచమి అని ఉంటాది. ఎవరన్నా చెప్పినా వినొద్దు. రా."

"నువ్వు చెప్తాండావు గదా. వస్తా," అంది.

ఆ శుక్రవారం తొమ్మిదిన్నరకే వచ్చి సత్రం మెట్ల మీద కూర్చుంది. మంచినీళ్లిస్తే వద్దంది. ఆఫీసులో కాగితం అచ్చయింది. ఇంకా వేడిగా ఉన్న కాగితం అందుకొని ముందే చూసుకున్నాను. పదకొండు పేర్లు. ఏడోది మద్దిలేటి.

పంక్తి కూర్చుంది. మూడో విస్తరి ముందు మహానందమ్మ, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని. నేను చదివాను. "సంజామల వాస్తవ్యులు, మహానందమ్మ కుమారుడు, మద్దిలేటి." ఆమె కళ్లు మూసుకొని ఉంది. నేను మిగిలిన నాలుగు పేర్లూ చదివి ముగించేదాకా తెరవలేదు.

వడ్డన నా పని కాదు. ఆ రోజు కాగితం జేబులో పెట్టుకొని అన్నం బుట్ట నేను పట్టుకున్నాను. ఆమె విస్తరిలో అన్నం పెట్టి, పప్పు పోసి, కూర వేశాను.

"ఏందప్పా, పప్పు చెయ్యి మీద పోస్తాండావ్. గిన్నెలు అమ్మడమే గాని వడ్డించడం రాదా నీకు?"

"అలవాటు లేదక్కా."

"నెమ్మదిగా పొయ్యి. నేను యాడికీ పోను."

నాలుగు ముద్దలు తిని, నీళ్లు తాగి, మళ్లీ కలుపుకుంది. నేను పక్క విస్తరికి పోలేదు. పక్కనున్నాయన గొంతు సవరించుకుంటే జయప్రకాష్ ఇంకో బుట్టతో వచ్చి ఆయనకు పెట్టాడు. ఆమె విస్తరి ఖాళీ అయితే మళ్లీ అన్నం పెట్టాను. వద్దనలేదు. మజ్జిగ పోశాను. విస్తరిలో మెతుకు మిగల్చకుండా తినింది.

చేయి కడుక్కొని, కొంగుతో తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"కడుపు నిండింది. ఇంగ నీకూ నాకూ సరిపాయె లే, అప్పా," అంది.